మహారాజశ్రీ లాన్ గారికి పాలేరు విన్నపం

మహారాజశ్రీ టాల్ ఫెస్క్యూ లాన్ గారి దివ్య సముఖానికి,

నార్త్ కరోలినా రాష్ట్రం, కేరీ పట్నం నుంచి తమరి పాలేరు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ తమరు పూర్తిగా మొలిచేదాకా క్షేమం అనే మాట ఎత్తే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు. ఇంటి ముందు పచ్చిక కోసం తమరిని, అంటే టాల్ ఫెస్క్యూ అనే జాతి గడ్డిని, విత్తిన దగ్గర్నుంచి మాకు వీధి గుమ్మం లేదు, గరాజ్‌లోంచే రాకపోకలు. పార్సిల్ తెచ్చిన కుర్రాడు అడ్డదారిన రెండడుగులు వేశాడో లేదో, మా ఆవిడ పైఅంతస్తు కిటికీలోంచి వేసిన కేకకి పెట్టె అక్కడే వదిలేసి వ్యానెక్కాడు. ఆ పెట్టె తేవడానికి మళ్ళీ తమరి మీద నడిచేదెవరు? చీకటి పడేదాకా అది అక్కడే ఉంది.

తమరి దినచర్య మాకు కంఠతా వచ్చేసింది. పైన అరంగుళం మట్టి తడారకూడదు. అలాగని నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే కుళ్ళు, పారితే విత్తనాలన్నీ వాలు వెంట కొట్టుకుపోయి, అడగని చోట, కాలిబాట అంచున, ఒత్తుగా మొలుస్తాయి. అందుకని రోజుకి రెండు మూడు విడతలు, కాస్త కాస్త. ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి స్ప్రింక్లర్ తిప్పడానికి పరుగెత్తే తెలుగువాళ్ళు సెప్టెంబరులో ఈ కాలనీ నిండా ఉంటారు. తీరా మొలిచాక పద్ధతి తిరగబడుతుంది. అప్పుడూ అలాగే పోస్తే వేర్లు బద్ధకించి పైపైనే ఉండిపోతాయి కాబట్టి విడతలు తగ్గించి లోతుగా తడపాలి. చివరికి వానతో కలిపి వారానికి ఒక్క అంగుళం చాలు.

ఇంత మర్యాద ఎవరికి చేస్తున్నామో తెలుసుకోవాలని తమరి వంశచరిత్ర తిరగేశాను. యూరప్ నుంచి వచ్చిన గడ్డి. 1931లో కెంటకీ కొండల్లో ఒక రైతు పొలంలో తమరి పూర్వీకులు ఏపుగా ఉండడం చూసి, అక్కడి విశ్వవిద్యాలయంలో పనిచేసే ఫెర్గస్ గారు గింజలు పట్టుకెళ్ళారు. 1943లో కెంటకీ 31 అనే పేరుతో రైతుల చేతికిచ్చారు. దేనికి? పశువుల మేతకి, వానకి మట్టి కొట్టుకుపోకుండా ఆపడానికి. మహారాజా, తమరిది మేత వంశం! ఇప్పుడు సంచుల్లో దొరికేది సన్నాకుల నాజూకు సంతానమే, కాదనను. తాతగారు మాత్రం గడ్డివాము బాపతే.

తమరి బంధువర్గం ఆక్రమించిన నేల కూడా చూశాను. 2005లో నాసాలో పనిచేసే క్రిస్టినా మిలేసీ బృందం ఉపగ్రహ చిత్రాల సాయంతో వేసిన అంచనా ప్రకారం, గోల్ఫ్ మైదానాలు కూడా కలుపుకుని అమెరికాలో లాన్ గడ్డి సుమారు 1,63,800 చదరపు కిలోమీటర్లు. నీరు పెట్టి పండించే మొక్కజొన్నకు మూడింతలు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, సుమారుగా మొత్తం ఆంధ్రప్రదేశ్. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా గింజ రాని పంట ఒక్కటే వేసి, శనివారం శనివారం కోసి పారేస్తున్నారన్నమాట.

ఈ లెక్క మా నాన్నకి చెప్పలేదు. ఆయన ప్రకాశం జిల్లా రైతు, ఆరు నెలలు ఉందామని వచ్చారు. తమరి విత్తనాల మీద నేను గోధుమగడ్డి పరుస్తుంటే పక్కనే నిలబడి, “పచ్చగడ్డి కోసం ఎండుగడ్డి కొన్నావట్రా?” అన్నారు. తడి ఆరకుండా, వాన దెబ్బకి గింజ చెదరకుండా అని చెప్పాను. వెయ్యి చదరపు అడుగులకు ఒక మోపు, సందుల్లోంచి మట్టి కనపడేంత పల్చగా. అది ఆయన ఒప్పుకున్నారు. నారుమడి పోసినవాడికి ఈ పాఠం కొత్తేమీ కాదు. తర్వాతి ప్రశ్నకే నేను దొరికిపోయాను.

“కోసిన గడ్డి ఎవరికేస్తారు?”

“ఎవరికీ వేయం నాన్నా. రోడ్డు పక్కన పెడితే తీసుకెళ్తారు.”

“వాళ్ళ గేదెలకా?”

“కాదు, కంపోస్టు చేస్తారు.”

“ఆ కంపోస్టు?”

“మనం కొనుక్కుంటాం.”

“కోసినచోటే వదిలేస్తే పోయేదానికి ఇంత ప్రయాణం ఎందుకురా దానికి?”

ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏళ్ళ తరబడి చెబుతున్నదీ అదే. తమరికి కావలసిన నత్రజనిలో పావు వంతు దాకా ఆ కోసిన గడ్డిలోనే ఉంటుంది. ఆయనకి పీహెచ్‌డీ లేదు, పాడి ఉంది.

అసలు ఫిర్యాదు తమరి మీద కాదు, తమరి కింద ఉన్నదాని మీద. ఈ కాలనీ కట్టేటప్పుడు జరిగిన మొదటి పని పైమట్టిని గీకేయడం. ఆ తర్వాత నెలల తరబడి బరువైన యంత్రాలు అటూ ఇటూ తిరిగి, కింద మిగిలిన ఎర్ర బంకమట్టిని దిమ్మిస కొట్టి పెట్టాయి. దాని మీద చుట్టలు చుట్టి తెచ్చిన పచ్చగడ్డి పరిచి, ఫొటోలు తీసి, తాళాలు చేతికిచ్చారు. రెండో వేసవికల్లా గడ్డి పోయింది, దిమ్మిస మిగిలింది. ఇప్పుడు పైమట్టిని దుకాణంలో ప్లాస్టిక్ సంచుల్లో కొనుక్కుంటున్నాం. మన మట్టే అయ్యుండొచ్చు, పేరు రాసి లేదు.

ఈ పీడ్‌మాంట్ ప్రాంతపు ఎర్రనేల చూసి నాన్న ముందు మురిసిపోయారు. పార దిగకపోయేసరికి ముఖం మారింది. “ముందు జీలుగ చల్లి, పూతకొచ్చాక కలియదున్ని, అప్పుడు కదరా విత్తేది!” అన్నారు. న్యాయమైన మాటే. కానీ ఇంటి ముందు జీలుగ నడుమెత్తు పెరిగేలోపు హెచ్.ఓ.ఏ., అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, నుంచి వచ్చే హెచ్చరిక ఉత్తరాలు మోకాలెత్తు పెరుగుతాయి.

కాలనీ వాట్సాప్‌లో సలహాలకేం కరువు లేదు. ఇసుక కలపమన్నారొకరు. బంకమట్టిలో కాసింత ఇసుక కలిపితే వచ్చేది ఇటుకే. జిప్సం చల్లమన్నారు ఇంకొకరు. దానికి నాన్నే జవాబిచ్చారు: “జిప్సం చౌడుకి కదరా. ఇది చౌడా?” కాదు. చౌడు నేలలో పేరుకున్న సోడియాన్ని వదిలించడానికి జిప్సం. ఇక్కడిది ఆమ్లనేల, దీని జబ్బు వేరు. దీనికి కావలసింది సున్నం. ఎంత కావాలో మట్టి పరీక్ష చెప్పాలి.

ఆ పరీక్ష రాష్ట్ర వ్యవసాయ శాఖ చేస్తుంది, ఏప్రిల్ నుంచి నవంబరు దాకా పైసా తీసుకోదు. విత్తనానికీ, ఎరువుకీ, మందు కొట్టే కంపెనీకీ వందల డాలర్లు ధారపోసే వీధిలో ఆ పరీక్ష చేయించినవాళ్ళు వేళ్ళ మీద ఉంటారు. ఉచితం కదా, నమ్మకం కుదరదు. నాన్న మాత్రం సంబరంగా వంకరటింకరగా నడుస్తూ పదిచోట్ల నాలుగేసి అంగుళాల లోతున మట్టి తీసి, కలిపి, అట్టపెట్టెలో పోసిచ్చారు. ఆ తర్వాత ఏటా చేయాల్సిన పని కూడా ఆకర్షణ లేనిదే: యంత్రంతో నేలకి కంతలు పెట్టించడం, బయటికొచ్చిన మట్టి ముక్కల్ని అలాగే వదిలేయడం, పైన పావంగుళం కంపోస్టు చల్లడం. దీనికి ముందూ తర్వాతా ఫొటోలు ఉండవు. అందుకే కాబోలు ఎవరూ చేయరు, ఆకుపచ్చ రంగు పూసిన విత్తనం కొంటారు. కొన్ని సంచుల్లో బరువులో సగం ఆ పూతే. మన దగ్గర నకిలీ విత్తనాలని గోల చేస్తారు; ఇక్కడ చీటీ మీద సగం విత్తనం కాదని రాసే అమ్ముతారు. నిజాయితీ అంటే అది.

ఇక తమరి శత్రువుల జాబితా. మొదటి పేరు బెర్ముడా గడ్డి, అంటే సాక్షాత్తూ మన గరిక. ఎండకి చావదు, తొక్కితే చావదు, కణుపు కణుపుకీ వేరు దింపుకుని ఖాళీని తనే పూడ్చుకుంటుంది. చలికాలంలో గోధుమరంగుకి తిరుగుతుంది, అదొక్కటే దాని నేరం. తమరేమో దుబ్బు కట్టే జాతి. ఒకచోట పోతే ఆ బట్టతల అలాగే ఉంటుంది, మళ్ళీ విత్తాల్సిందే. తమరిని విత్తే అదను ఆగస్టు చివర, సెప్టెంబరు. వినాయక చవితి కూడా అప్పుడే. విత్తేముందు గరిక మీద మందు కొట్టించాలి, అదీ బాగా పచ్చగా ఉన్నప్పుడే పడుతుంది. ఆ లెక్కన ఏటా జరిగేదేమిటంటే, డబ్బులిచ్చి గరికని చంపించి, చవితినాడు ఇండియన్ స్టోర్‌లో డబ్బులిచ్చి గరిక కొనుక్కోవడం. పూజారి గారు ఫోన్‌లోంచి “దూర్వాయుగ్మం పూజయామి” అంటుంటే భక్తులందరూ ప్లాస్టిక్ కవర్లు చింపుతుంటారు.

రెండో శత్రువు గంగవాయిలి కూర. పప్పులో పడాల్సినది, మందు కొట్టినచోట ముట్టుకోవడానికి లేదు. మూడోది తెల్ల క్లోవర్, దీని కథ వినదగ్గది. గాలిలోని నత్రజనిని పట్టి మట్టికిచ్చే మొక్క కాబట్టి ఒకప్పుడు లాన్ విత్తనాల్లో దాన్ని కావాలనే కలిపేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 2,4-డి అనే కలుపుమందు వచ్చింది. అది గడ్డిని వదిలేసి వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది. క్లోవర్‌ని వదిలేయడం ఆ మందుకి చేతకాలేదు కాబట్టి క్లోవర్‌నే కలుపు కింద జమకట్టారు. ఇప్పుడు ఆ నత్రజని సంచుల్లో వస్తోంది. శాలువా కప్పాల్సిన మొక్కకి శిక్ష వేసి, దాని ఉద్యోగాన్ని వేలం వేశారు.

కాబట్టి మహారాజా, పాలేరు షరతులు ఇవి. తమరు నాలుగంగుళాలు ఎదిగాకే కత్తెర, మూడుకి తగ్గించేది లేదు, కోసింది తమరి కాళ్ళ దగ్గరే. వచ్చే ఏడు క్లోవర్ కలిపి విత్తుతాం, తమరు సర్దుకుపోవాలి. మెయిల్‌బాక్స్ చుట్టూ ఉన్న నేల చెక్క గరికది, అటు పాకవద్దు.

మట్టి పరీక్ష ఫలితం వచ్చింది. నేల ఆమ్లగుణం చెప్పే పీహెచ్ 5.2. తమరికి 6 దాటాలి. తాంబూలంలో సున్నం తక్కువైందన్నమాట. వెయ్యి చదరపు అడుగులకు 50 పౌండ్లకు మించి ఒక్కసారే వేయకూడదు, వేసింది పనిచేయడానికి నెలలు పడుతుంది. అందుకని ఈ ఉత్తరానికి జవాబు మార్చిలో ఇచ్చినా చాలు. జూన్ ఎండ తగలగానే మచ్చలు మచ్చలుగా ఎండిపోయి జవాబిచ్చే అలవాటు మాత్రం మానుకోవలసిందిగా మనవి.

ఇట్లు,
తమరి పాలేరు

తా.క.: ఈ నేల చెక్కకి కౌలు ఎవరికి కడుతున్నావని నాన్న అడిగారు. సొంతమేనని చెప్పి, హెచ్.ఓ.ఏ. బిల్లు ఆయన కంట పడకుండా ఫ్రిజ్ మీద పెట్టాను.