చట్టం గీత ఒకచోట, కంపెనీల గోడ మరోచోట

2025 జూలై నాలుగో వారంలో నయారా ఎనర్జీ ఉద్యోగులకు మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ మెయిల్ తెరుచుకోలేదు. టీమ్స్‌లో సమావేశాలు ఆగిపోయాయి. గుజరాత్‌లోని వాడినార్‌లో ఏడాదికి 2 కోట్ల టన్నుల ముడిచమురును శుద్ధి చేసే కర్మాగారం, దేశమంతటా 6,000కు పైగా పెట్రోలు బంకులు ఉన్న సంస్థ అది. పూర్తిగా డబ్బు కట్టి తీసుకున్న లైసెన్సులే అయినా తమ సమాచారమే తమకు అందకుండా పోయిందని కంపెనీ మొత్తుకుంది. కారణం ఐరోపాలో ఉంది. ఆ నెల 18న ఐరోపా సమాఖ్య రష్యా మీద ప్రకటించిన 18వ విడత ఆంక్షల్లో వాడినార్ కర్మాగారాన్ని చేర్చింది. నయారాలో రష్యా చమురు సంస్థ రాస్‌నెఫ్ట్‌కు 49.13 శాతం వాటా ఉంది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ సేవలు నిలిపివేసింది. నయారా ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టింది. జూలై ముగిసేలోపే సేవలు తిరిగి వచ్చాయి, దావా వెనక్కి తీసుకున్నారు.

సమస్య తీరిపోయింది కదా అని చాలామంది దాన్ని మరిచిపోయారు. కానీ అందులోని చిక్కును ఒకసారి చూడండి. మైక్రోసాఫ్ట్ అమెరికా కంపెనీ. నయారా భారత కంపెనీ. ఆంక్షలు ఐరోపావి. అప్పటికి అమెరికా ఆంక్షల జాబితాలో నయారా పేరు లేదు. ఏకపక్ష ఆంక్షలను భారత్ అంగీకరించదని మన విదేశాంగ శాఖ ఆ జూలై 18నే ప్రకటించింది. సేవలు ఆపి తీరాలన్న నిబంధన అమెరికా చట్టంలోనూ లేదు, భారత చట్టంలోనూ లేదన్నది నయారా వాదన. మైక్రోసాఫ్ట్‌కు ఐరోపాలో పెద్ద వ్యాపారం ఉంది, అక్కడి చట్టానికి అక్కడి శాఖలు కట్టుబడాలి, అది నిజమే. అయినా ఐరోపా చట్టం భారతదేశంలోని ఒక ఉద్యోగి మెయిల్ దాకా వర్తిస్తుందా లేదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పింది ఏ న్యాయమూర్తీ కాదు. దావా వెనక్కి పోవడంతో ఆ ప్రశ్న మన కోర్టుల్లో తేలకుండానే మిగిలిపోయింది.

ఆంక్షలు విధించేది ప్రభుత్వాలే. కానీ ఒక మనిషికి సాఫ్ట్‌వేర్ అందాలా వద్దా అన్నది చాలాసార్లు తేల్చేది కంపెనీల న్యాయ విభాగాలు. చట్టం గీసిన గీతకు ఎంతో ఇవతలే అవి గోడ కడుతున్నాయి. ఆ గీతకూ గోడకూ మధ్య ఉన్న జాగాలో లక్షల మంది మామూలు మనుషులు చిక్కుకుపోతున్నారు. నా అభ్యంతరం అక్కడే.

చట్టం నిజంగా ఏమంటుందో చెప్పకుండా ఈ విషయం అర్థం కాదు. అమెరికా ఆంక్షల్లో చాలావాటికి మూలం 1977లో వచ్చిన అంతర్జాతీయ అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. దాన్ని అమలు చేసేది ట్రెజరీ శాఖలోని విదేశీ ఆస్తుల నియంత్రణ కార్యాలయం, వాడుకలో ఓఫాక్. ఈ చట్టానికి 1988లో బెర్మన్ సవరణ పేరుతో ఒక కిటికీ తెరిచారు. పుస్తకాలు, పత్రికలు, సినిమాల వంటి సమాచార సామగ్రిని ఆంక్షలు అడ్డుకోకూడదన్నది దాని సారాంశం. 1994లో దాన్ని ఇంకాస్త విస్తరించారు. ఇరాన్ విషయంలో మరో అడుగు ముందుకు వేసి 2013 మే 30న ఓఫాక్ సాధారణ లైసెన్సు డి జారీ చేసింది. సామాన్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి పనికొచ్చే పరికరాలు, సాఫ్ట్‌వేర్, సేవలు అందించడానికి కంపెనీలు విడివిడిగా అనుమతి తీసుకోనక్కర్లేదని దాని అర్థం. అంటే శాసనం రాసినవాళ్లకే తెలుసు, ప్రభుత్వం మీద కోపం ప్రజల నోరు నొక్కడానికి దారితీయకూడదని.

ఇక కంపెనీలు చేసింది చూద్దాం. 2018 డిసెంబరులో, ఉద్యోగులు సందేశాలు పంపుకునే వేదికను నడిపే స్లాక్ అనే సంస్థ కొందరు వినియోగదారుల ఖాతాలను మూసేసింది. వాళ్లలో ఇరాన్ మూలాలు ఉండి కెనడా వంటి దేశాల్లో స్థిరపడినవాళ్లు కూడా ఉన్నారు. ఎప్పుడో సెలవులకు ఇరాన్ వెళ్లినప్పుడు అక్కడి నుంచి ఖాతా తెరిచి ఉంటారు, ఇంటర్నెట్ వాడిన చోటును చూపే ఐపీ అడ్రసు దాన్ని పట్టిచ్చింది. గగ్గోలు రేగాక స్లాక్ క్షమాపణ చెప్పింది. ఆపై ఏడు నెలలకు, 2019 జూలైలో, గిట్‌హబ్ వంతు వచ్చింది. ప్రోగ్రాములు రాసేవాళ్లకు గిట్‌హబ్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు; మిగతావారి కోసం ఒక్క మాట. ప్రపంచంలోని ప్రోగ్రామర్లలో అత్యధికులు తమ కోడ్‌ను దాచుకునే, పదిమందితో కలిసి రాసుకునే చోటు అది. 2018లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది. ఆ జూలైలో ఇరాన్, సిరియా, రష్యా ఆక్రమించిన క్రిమియాల్లోని ప్రోగ్రామర్లు పొద్దున్నే చూసేసరికి వాళ్ల ప్రైవేటు రిపోజిటరీలకు, అంటే కోడ్ దాచుకున్న సొంత అరలకు, తాళం పడింది. ముందస్తు హెచ్చరిక లేదు. నెలల తరబడి రాసిన కోడ్‌ను దించుకునే వీలూ లేదు. ముందుగా చెప్పే అవకాశం చట్టం తమకివ్వడం లేదని అప్పటి గిట్‌హబ్ అధిపతి నాట్ ఫ్రీడ్‌మన్ వివరించారు. బహిరంగంగా పెట్టిన కోడ్ మాత్రం అందరికీ అందుబాటులోనే ఉంటుందనీ, ప్రైవేటువి కావాలంటే వాటిని కూడా బహిరంగం చేసుకోవచ్చనీ అన్నారు. తన కష్టాన్ని లోకం ముందు పరిస్తేనే తిరిగి చేతికి వస్తుందన్న షరతు ఎంత అన్యాయమో కోడ్ రాసిన ఏ మనిషినైనా అడగండి.

గిట్‌హబ్ అక్కడితో ఆగిపోలేదు, ఆ మాటా చెప్పాలి. ఓఫాక్ చుట్టూ రెండేళ్లు తిరిగి, ప్రోగ్రామర్లకు సేవలందించడం అమెరికా విదేశాంగ విధానానికి విరుద్ధం కాదని వాదించి, 2021 జనవరి 5న ఇరాన్‌కు పూర్తి సేవలు పునరుద్ధరిస్తున్నట్టు ప్రకటించింది. ఆ పట్టుదలకు నా నమస్కారం. కానీ దీని వల్ల తేలేదేమిటి? అడిగితే అనుమతి దొరికే అవకాశం ఉంది. అడగడానికి వాషింగ్టన్‌లో న్యాయవాదులు, రెండేళ్ల ఓపిక, మైక్రోసాఫ్ట్ అంతటి అండ కావాలి. మిగతా కంపెనీల్లో ఎన్నింటికి ఆ ఆసక్తి ఉంటుంది?

ఆసక్తి లేకపోవడానికి కారణం దుర్బుద్ధి కాదని నేను నమ్ముతాను. లెక్క అలా ఉంది. ఆంక్షలను తెలియక ఉల్లంఘించినా పౌర జరిమానా పడవచ్చు, ఉద్దేశం నిరూపించాల్సిన పని లేదు. తెలిసి చేస్తే 20 ఏళ్ల జైలు దాకా శిక్ష ఉంది. ఆపిల్‌కు ఎదురైన అనుభవం దీనికి మంచి ఉదాహరణ. ఆపిల్ యాప్ స్టోర్‌లో యాప్‌లు పెట్టే ఎస్ఐఎస్ అనే స్లొవేనియా సంస్థ ఆంక్షల జాబితాకెక్కింది. ఆపిల్ రికార్డుల్లో ఆ సంస్థ పేరు చివర డీఓఓ అని పెద్ద అక్షరాల్లో ఉంది; ప్రభుత్వ జాబితాలో అదే చిన్న అక్షరాల్లో, మధ్యలో చుక్కలతో ఉంది. రెండూ ఒకటేనని ఆపిల్ తనిఖీ సాఫ్ట్‌వేర్ పసిగట్టలేకపోయింది. 2019 నవంబరులో ఆపిల్ 4,66,912 డాలర్లు కట్టి ఆ వ్యవహారం ముగించుకుంది. 2023 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ క్యూబా, ఇరాన్, సిరియా, రష్యా, క్రిమియాలకు సంబంధించిన ఉల్లంఘనలకు 33 లక్షల డాలర్లకు పైగా చెల్లించింది. ఈ కంపెనీలకు ఇవి చిల్లర డబ్బులే. కానీ రెండో వైపు తక్కెడలో ఏముంది? ఇరాన్‌లో వీసా, మాస్టర్ కార్డులు చెల్లవు కాబట్టి అక్కడి నుంచి వచ్చే ఆదాయం దాదాపు సున్నా. ఒక్క డాలరు రాని చోట ఒక్క డాలరు ప్రమాదం కూడా ఎందుకని న్యాయ విభాగం అనుకుంటుంది. దేశం మొత్తాన్ని మూసేసే మీట నొక్కడం వాళ్లకు అన్నిటికన్నా చవకైన పని.

వెనెజువెలాలో 2019 అక్టోబరులో ఇదే జరిగింది. ఆగస్టులో వచ్చిన అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వును చూపి, ఆ దేశంలోని ఖాతాలన్నీ రద్దు చేస్తామనీ, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వలేమనీ ఫొటోషాప్ తయారుచేసే అడోబీ చెప్పింది. ఫొటోగ్రాఫర్లు, పత్రికల్లో బొమ్మలు వేసుకునేవాళ్లు హతాశులయ్యారు. మూడు వారాలు గడిచేసరికి అమెరికా ప్రభుత్వం నుంచి లైసెన్సు వచ్చింది, సేవలు కొనసాగాయి. ఆ ఉత్తర్వు గురి అప్పటి వెనెజువెలా అధ్యక్షుడు మదురో ప్రభుత్వం మీద. మరి మొదటి రోజు నోటీసు అందుకున్నదెవరు?

ఇంతకన్నా లోతైన నష్టం ఒకటి ఉంది, ఆంక్షలను సమర్థించేవాళ్లు ముఖ్యంగా దీన్ని పట్టించుకోవాలి. ఇరాన్ ప్రభుత్వం తానే ట్విటర్‌ను, ఫేస్‌బుక్‌ను, యూట్యూబ్‌ను అడ్డుకుంటుంది. దాన్ని దాటడానికి అక్కడివాళ్లు వీపీఎన్ (తామున్న చోటును దాచి వేరే దేశం గుండా ఇంటర్నెట్‌కు చేరే సాధనం) వాడతారు. అమెరికా కంపెనీలు వేసిన అడ్డుకట్టను దాటడానికి షెకన్ వంటి దేశీయ సేవలను ఆశ్రయిస్తారు. లోపలి నుంచి ఒక గోడ, బయటి నుంచి మరొకటి. విదేశీ సర్వర్లు అద్దెకు దొరకని ఇరానీ కంపెనీలు స్వదేశీ సర్వర్లకు మారాయి, ఆ సర్వర్లు ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉంటాయి. 2019 నవంబరులో పెట్రోలు ధర పెంపుపై ప్రజలు వీధుల్లోకి వచ్చినప్పుడు ప్రభుత్వం దాదాపు వారం పాటు బయటి ఇంటర్నెట్‌ను కోసేసింది. ఆ చీకట్లో వందల మంది ప్రాణాలు పోయాయి. బ్యాంకులు, దేశీయ సేవలు మాత్రం లోపలి నెట్‌వర్క్ మీద నడిచాయి. దేశమంతా విదేశీ క్లౌడ్ మీద, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే సర్వర్ల మీద, ఆధారపడి ఉంటే ఆ మీట నొక్కడం ప్రభుత్వానికే ఆత్మహత్యాసదృశం అయ్యేది. నిరంకుశ పాలకులు ఏళ్ల తరబడి కట్టాలనుకున్న దేశీయ నెట్‌వర్క్‌కు ఇటుకలు అందించింది కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లోని కంపెనీల అతి జాగ్రత్త.

ఈ పొరపాటును అమెరికా ప్రభుత్వం కూడా గుర్తించింది. 2022 సెప్టెంబరు 16న నైతిక పోలీసుల అదుపులో ఉన్న మహ్సా అమీనీ అనే యువతి మరణించి ఇరాన్ అట్టుడికినప్పుడు, వారానికే పాత లైసెన్సును డి-2 పేరుతో విస్తరించింది. క్లౌడ్ సేవలు, వీడియో సమావేశాలు, సామాజిక మాధ్యమాలు అన్నీ అందులో చేరాయి. గీత మరికొంత వెనక్కి జరిగింది. గోడలు అంత వేగంగా జరగలేదు.

ఉక్రెయిన్ మీద దండెత్తిన దేశానికి సాఫ్ట్‌వేర్ అమ్మడం మానేస్తే తప్పేమిటని ఎవరైనా అడగవచ్చు. తప్పు లేదు. క్షిపణులు చేసే సంస్థకు, రహస్య పోలీసు విభాగానికి, వాటి బినామీలకు అమ్మకపోవడాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. పేరు పెట్టి, కారణం చెప్పి విధించిన ఆంక్షకు నైతిక బలం ఉంటుంది. ఒక నగరంలో పుట్టినందుకో, ఒక ఐపీ అడ్రసు నుంచి ఖాతా తెరిచినందుకో పడే శిక్షకు అది ఉండదు. 2024 అక్టోబరులో, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ నిర్వాహకుల జాబితా నుంచి రష్యాతో ముడిపడిన పదిమందికి పైగా పేర్లు తీసేసినప్పుడు నన్ను ఎక్కువ బాధించింది తీసేయడం కన్నా, మొదట ఇచ్చిన వివరణ ఒక్క ముక్కలో ముగియడం. ఏళ్లుగా ఉచితంగా పనిచేసినవాళ్లకు అంతకన్నా గౌరవం దక్కాలి.

తెలుగు పాఠకుడికి ఇది దూరపు గొడవలా అనిపిస్తే మన చరిత్రే గుర్తు చేస్తుంది. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా వాణిజ్య శాఖ ఎగుమతుల ఆంక్షల జాబితాలో హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్‌ను, క్షిపణుల పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌ను చేర్చింది. ఆ పేర్లు తొలగింది 2011 జనవరిలో. అంతకు ముందు 1980ల్లో అమెరికా నుంచి క్రే సూపర్ కంప్యూటర్ కోరినప్పుడు ఎదురైన నిరాకరణ తర్వాతే పుణెలో సీ-డాక్ అనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ వెలిసింది, 1991లో మన సూపర్ కంప్యూటర్ పరమ్ 8000 తయారైంది. అప్పట్లో ఇవ్వనన్నది యంత్రం. ఓడ ఎక్కకపోతే కథ ముగిసేది. ఈనాడు మన చేతికి వచ్చి, మన జీవితమంతా అందులో పెట్టుకున్నాక కూడా వెనక్కి లాక్కోగలిగే సేవ.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ కేంద్రాన్ని నిర్మిస్తామని ప్రకటించింది. అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ నుంచి 2022 నవంబరులోనే సేవలు మొదలుపెట్టింది. సర్వర్ మన నేల మీద ఉంటే మన సమాచారం మన అధీనంలో ఉన్నట్టేనని నేతలు చెబుతుంటారు. ఆ మాట సగమే నిజం. అమెరికా ఆంక్షల చట్టం అమెరికా వ్యక్తులకు, అమెరికా కంపెనీలకు వర్తిస్తుంది, యంత్రం ఎక్కడ ఉన్నా సరే. తాళం ఉండేది కంపెనీ ప్రధాన కార్యాలయంలో. అలాగని అంతా స్వదేశీ అయిపోతే చాలనుకోవడం కూడా నాకు రుచించదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్ జోహో వేదికకు మారడం మంచిదే, కానీ స్వదేశీ సర్వర్లు ప్రజల చేతికి సంకెళ్లు కాగలవని ఇరాన్ ప్రజలు నెత్తుటితో తెలుసుకున్నారు.

అందుకే అడగవలసింది ఒప్పందంలో రాసి అడగాలి. విశాఖలో భూమి, విద్యుత్తు, నీరు, పన్ను రాయితీలు ఇస్తున్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, హైదరాబాద్‌లో క్లౌడ్ కేంద్రాలకు స్థలాలిచ్చిన తెలంగాణకూ బేరమాడే బలం ఉంది. భారతీయ చట్టం ప్రకారం తప్పు చేయని ఖాతాదారు సేవను మరో దేశపు ఆంక్షల పేరుతో ఆపాలంటే కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఏ చట్టంలోని ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా చెప్పాలి. వివాదం భారతీయ కోర్టు పరిధిలో తేలాలి. ప్రభుత్వ టెండర్లలో ఈ షరతు పెడితే ప్రైవేటు సంస్థలూ తమ ఒప్పందాల్లో అదే పెట్టుకుంటాయి.

టెహ్రాన్‌లోనో, హవానాలోనో ఉన్న ప్రోగ్రామర్‌కు ఈ రక్షణలు దక్కవు, వాళ్ల తరఫున అలా బేరమాడే ప్రభుత్వం లేదు. వాళ్ల విషయంలో ఓఫాక్ ఒక కాగితం జారీ చేస్తే చాలు. ఆంక్షలున్న ఏ దేశంలోనైనా సరే, ఖాతా మూసే ముందు వినియోగదారు తన సొంత ఫైళ్లను, మెయిళ్లను, కోడ్‌ను దించుకునేందుకు గడువు ఇచ్చిన కంపెనీ మీద ఎలాంటి చర్యా ఉండదని చెప్పే ఒక సాధారణ లైసెన్సు. దాని వల్ల ఏ నియంతకూ ఒక్క డాలరు అందదు. కంపెనీల న్యాయ విభాగాల భయానికి మందు దొరుకుతుంది. ఆ లైసెన్సు కోసం ఒత్తిడి తేవడంలో ఆ కంపెనీల్లో పెద్ద పదవుల్లో ఉన్న మన తెలుగువాళ్ల మాటకు ఎంతో విలువ ఉంటుంది. హైదరాబాద్‌లో చదువుకుని మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన సత్య నాదెళ్ల ముందుగా నోరు విప్పాలని కోరుకుంటున్నాను.