తిలాపాపం తలా పిడికెడు, శేషం సున్నా

కాంట్రాక్టు పనుల్లో గొడవలు వాటాల దగ్గర రావు, చిల్లర దగ్గర వస్తాయని నా గట్టి నమ్మకం. తినడం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ‘వాడికి పది రూపాయలు ఎక్కువ ముట్టాయట’ అన్న చోటే ఆకాశరామన్న ఉత్తరాలు పుడతాయి.

ఈ జాతీయ సమస్యకు గణితం దగ్గర మందుంది. ఆ మందు పేరు 3608528850368400786036725. పాతిక అంకెలు. కోట్లలో చదవబోకండి, కోటికే కళ్లు తిరుగుతాయి.

పనితనం చూడండి. మొదటి అంకె 3. బల్ల దగ్గర ఒక్కడే ఉన్నాడు, మూడు రూపాయలూ వాడివే. ఫైలు రెండో బల్లకు వెళ్లేసరికి అంచనా సవరించారు: 36. చెరి 18. మూడో బల్ల దగ్గర 360, తలా 120. నాలుగో బల్ల దగ్గర 3,608, తలా 902. ఏడో బల్లకు చేరేసరికి 36,08,528 అయింది. ఏడుగురికీ తలా 5,15,504, రూపాయి అటూ ఇటూ కాదు. ఎడమ నుంచి ఎన్ని అంకెలు తీసుకుంటే అంతమందికి నిశ్శేషంగా భాగమవుతూనే పోతుంది. పాతికో బల్ల దగ్గర తలా 144341154014736031441469. అటెండరుకూ అంతే, చీఫ్ ఇంజినీరుకూ అంతే. ఇంతటి సోషలిజం ఏ మేనిఫెస్టోలోనైనా చూశారా?

బల్ల బల్లకీ అంచనా పది రెట్లు పెరుగుతోందేమిటని కొందరు గొణుగుతారు. వాళ్లు ఏనాడూ ప్రాజెక్టు మొహం చూసినవాళ్లు కారు.

ఇలాంటి క్రమశిక్షణ గల సంఖ్యలు మొత్తం 20,456. తొమ్మిది అంకెలవి 2,492, పది అంకెలవీ సరిగ్గా అన్నే. ఆ పైన పల్చబడుతూ వస్తాయి. 24 అంకెలవి మూడే మూడు, 25 అంకెలది ఇదొక్కటే. 381654729 అని ఇంకో ఘటం ఉంది. అందులో ఒకటి నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకే ఒక్కసారే వస్తుంది, అలాంటిది మరొకటి లేదు. అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం కావాలనే ప్రభుత్వాలు దాన్ని పరిశీలించవచ్చు. కానీ తొమ్మిది బల్లలతో మన దగ్గర ఏ ఫైలు తేలింది?

అసలు తంటా ఇరవై ఆరో బల్ల దగ్గర. చివర సున్నా చేరిస్తే 12 రూపాయలు మిగులుతాయి. ఒకటి చేరిస్తే 13. తొమ్మిది దాకా వెళ్లినా 21 మిగులుతాయి తప్ప లెక్క తెగదు. తెగాలంటే అక్కడ 14 పట్టాలి. ఒక గడిలో రెండంకెలు కూర్చోవడానికి అదేమన్నా పల్లెవెలుగు బస్సా!

కాబట్టి నా సిఫారసు ఇది. ఏ ఫైలూ పాతిక బల్లలు దాటకూడదని వెంటనే జీవో ఇవ్వాలి, పాలనా సంస్కరణ అని ప్రకటన కూడా చేసుకోవచ్చు. ఇరవై ఆరో బల్ల తప్పనిసరైతే సున్నానే చేర్చి, మిగిలిన 12 రూపాయలూ ఖజానాకు జమ కట్టి రసీదు తీసుకోవాలి. రేపు ఆడిట్ వాళ్లొస్తే చూపించడానికి ఏదో ఒక కాగితం ఉండాలి కదా.