సిజేరియన్ కోతలు తగ్గాలంటే మిడ్‌వైఫ్‌లు ఊళ్ళ దాకా రావాలి

సిజేరియన్లు పెరగడానికి ముహూర్తాలూ, నొప్పులంటే భయమూ కారణమని ఓ ఆర్టికల్‌లో రాశారు, కొంత నిజమే గానీ మొత్తం ఆడవాళ్ళ మీదకే నెట్టేస్తే ఎట్లా అండీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 81.5, దేశం మొత్తమ్మీద 21.5. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి పక్కనే ఉండి, నడిపించి, నడుము రాసి, ఇంకాసేపే తల్లీ అని ధైర్యం చెప్పే మనిషి లేకపోతే ఏ పిల్లయినా ఆపరేషన్ చేసేయండి అనే అంటది కదా. ఆ పని చేసేది మిడ్‌వైఫ్. పాతకాలం మంత్రసాని లాగా కాదు, నర్సింగ్ చదివి పైన 18 నెలల ట్రైనింగ్ తీసుకుంటారు, బిడ్డ గుండె చప్పుడు తేడా వచ్చినా, రక్తం ఎక్కువ పోతున్నా వెంటనే డాక్టర్‌ని పిలవాలని వాళ్ళకి బాగా తెలుసు. 2017లో మన తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి వాళ్ళతో, యూనిసెఫ్‌తో కలిసి ఈ ట్రైనింగ్ మొదలుపెట్టింది, 2018లో కేంద్రం గైడ్‌లైన్స్ తెచ్చింది, మనం ముందున్నాం అందులో, సంతోషమే. కానీ ఈ మిడ్‌వైఫ్‌లు జిల్లా ఆసుపత్రుల్లోనే ఉండిపోతే ఏజెన్సీ గూడేల్లో వాళ్ళకేం ఒరుగుతుంది? ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో పోస్టు ఇవ్వండి, ఐదో నెల నుంచే ఆశా అక్కతో కలిసి ఇంటికెళ్ళి చూసే వీలివ్వండి, కాన్పు రోజు కొత్త ముఖం కాకుండా తెలిసిన మనిషి ఉంటుంది. ట్రైనింగ్ అయినాక మళ్ళీ జనరల్ వార్డు డ్యూటీలు వెయ్యొద్దు, వేరే క్యాడర్, ప్రమోషన్, దానికి తగ్గ జీతం ఇవ్వాలి, లేకపోతే కొత్తవాళ్ళు ఎందుకొస్తారు చెప్పండి.