సవరణ: ‘క్వీన్ మేరీ’ కెప్టెన్ ఎవరు?

1942 అక్టోబర్ 2న ఐర్లండ్‌కు ఉత్తరాన బ్రిటిష్ ప్రయాణికుల ఓడ (లైనర్) ‘క్వీన్ మేరీ’ తన రక్షణ నౌక, బ్రిటిష్ నౌకాదళ యుద్ధనౌక (క్రూయిజర్) ‘కురసోవా’ను ఢీకొన్నప్పుడు కెప్టెన్ జేమ్స్ బిసెట్ అని మొన్న రాశాం. తప్పు. ఆ రోజు కెప్టెన్ సిరిల్ ఇలింగ్‌వర్త్. బిసెట్ 1943 జూలైలో అదే ఓడలో 16,683 మందిని అట్లాంటిక్ దాటించినవాడు.

తప్పంతా క్రూయిజర్‌దేనని కోర్టు తేల్చిందన్నదీ సగమే నిజం. 1947 తొలి తీర్పు అది. అప్పీలులో నౌకాదళానికి మూడింట రెండు వంతులు, లైనర్‌కు ఒక వంతు బాధ్యత పడింది. 1949లో అప్పటి బ్రిటన్ అత్యున్నత అప్పీలు కోర్టయిన ప్రభువుల సభ దాన్నే ఖాయం చేసింది.

అసలు చిక్కు వంకర నడకలో ఉంది. లైనర్ 28.5 నాట్ల (గంటకు సుమారు 53 కి.మీ.) వేగంతో అటూ ఇటూ మలుపులు తిరుగుతోంది. క్రూయిజర్ తిన్నగా పోతోంది. ఎదుటి ఓడే తప్పుకుంటుందని ఇద్దరు కెప్టెన్లూ నమ్మారు. జలాంతర్గాముల భయంతో, ఆదేశాల ప్రకారం, ఢీకొన్నాక కూడా లైనర్ ఆగలేదు. కురసోవా రెండు ముక్కలైంది. మూడు వందలమందికి పైగా పోయారు.