సవరణ: టీఎస్ఐ ట్యూబు 48 గంటలకి చూడొద్దు

మొన్న టీఎస్ఐ (ట్రిపుల్ షుగర్ ఐరన్ అగార్, పేగుల్లో ఉండే బ్యాక్టీరియాని గుర్తుపట్టడానికి ట్యూబులో పోసి వాడే మీడియా, అంటే బ్యాక్టీరియాకి పెట్టే తిండి) గురించి రాసినప్పుడు, మర్నాడు చూడటం కుదరకపోతే 48 గంటలకి చూసినా రిజల్ట్ మారదు అన్నాను, అది తప్పు. 18 నుంచి 24 గంటల మధ్యే చూడాలి, మైక్రోబయాలజీ టెక్స్ట్‌బుక్కుల్లోనూ మీడియా పౌడర్ డబ్బాతో వచ్చే కాగితంలోనూ ఇదే ఉంది.

ఎందుకంటే ఇందులో గ్లూకోజు 0.1 శాతమే, లాక్టోజు, సుక్రోజు ఒక్కోటి 1 శాతం. మొదట్లో బ్యాక్టీరియా గ్లూకోజు తిన్నప్పుడు యాసిడ్ పుట్టి, ఎర్రగా ఉన్న ట్యూబంతా పసుపే, అందుకే ఆరేడు గంటలకే చూసి యాసిడ్ బై యాసిడ్ (పైన ఏటవాలుగా ఉండే స్లాంటూ, కింద లోతుగా ఉండే బట్టూ రెండూ పసుపే) అని రాసేసినా తప్పే. షిగెల్లా (రక్త విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియా) లాంటివి ఆ ఒక్క రోజులో లాక్టోజు, సుక్రోజు రెండూ ముట్టుకోవు కాబట్టి గ్లూకోజు అయిపోయాక స్లాంట్ మీద పెప్టోన్ల (ప్రోటీన్ ముక్కల) పని పడతాయి, దాంతో క్షారం పుట్టి అక్కడ మళ్ళీ ఎరుపు తిరుగుతుంది, కింద బట్ మాత్రం పసుపుగానే ఉంటుంది. ఈ.కోలై లాక్టోజు కూడా తింటుంది, దానికి దొరికే చక్కెర ఎక్కువ కాబట్టి 24 గంటలకీ పైనా కిందా పసుపే, కానీ ఇంకో రోజు ఉంచితే ఆ చక్కెరా అయిపోయి దాని స్లాంట్ కూడా ఎర్రబడొచ్చు, అప్పుడు లాక్టోజు తినేదాన్ని తినదని రాసేస్తాం, స్టూల్ శాంపిల్లో అయితే షిగెల్లానేమో అని లేనిపోని హడావుడి.

మూత బిగించకుండా వదులుగా ఉంచండి, గాలి ఆడకపోతే స్లాంట్ ఎర్రబడాల్సింది కూడా పసుపుగానే ఉండిపోతుంది. ఇక హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల బట్ నల్లగా అయ్యి పసుపు కనపడకపోయినా యాసిడ్ కిందే లెక్క, ఆ పోస్టులో ఈ ముక్క మాత్రం కరెక్టే.