టెస్ట్ డ్రైవ్ అను మహాలఘు దర్శనం

కార్ల షోరూముల వాళ్లను ఆడిపోసుకోవడం ఈ మధ్య ఫ్యాషనైపోయింది. డిమాండ్ ఉన్న బండి అడిగితే మొహం కూడా చూడటం లేదట. టెస్ట్ డ్రైవ్ అంటే వచ్చే వారం రమ్మంటున్నారట. ఇచ్చినా సీటు సర్దుకునేలోపే దింపేస్తున్నారట. ఎక్కడ చూసినా ఇదే గోల. నేను మాత్రం షోరూముల పక్షమే. తప్పంతా మనదేనని నిరూపించడానికే ఈ నాలుగు ముక్కలు.

అసలు దోషం మన పెంపకంలోనే ఉంది. పావుకిలో వంకాయలకు వెళ్లినా ఒక్కో కాయా తిప్పి, పుచ్చుందేమో చూస్తాం. కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాం. పుచ్చకాయను వేలితో టకటకా కొట్టి, కచేరీలో కూర్చున్నట్టు తల ఆడిస్తాం. ద్రాక్ష బండి దగ్గరైతే బేరం తర్వాత, ముందు నాలుగు పళ్లు నోట్లోకి వెళ్లాల్సిందే. యాభై రూపాయల సరుకు దగ్గర అబ్బిన ఈ దురలవాటునే ఇరవై లక్షల సరుకు దగ్గరికీ మోసుకుపోయి, "ఒకసారి నడిపి చూస్తామండీ" అంటాం. ఎదుటివాడి మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించం.

నడిపి చూడాలన్న పంతం లేనివాళ్లు ఈ దేశంలో లేరా? 2022 జూలై 30న మహీంద్రా వారి స్కార్పియో-ఎన్ బండికి బుకింగులు తెరిస్తే మొదటి నిమిషంలోనే 25,000 పడ్డాయి. అరగంట తిరక్కుండా లక్ష. మొదటి నిమిషం లెక్క చూస్తే సెకనుకు నాలుగు వందల మంది పైమాటే. 2024 అక్టోబరు 3న వాళ్లదే మరో బండి థార్ రాక్స్‌కి గంటలో వచ్చినవి 1,76,218. ఆ వేగంలో మన ఇళ్లలో పాలప్యాకెట్ కూడా ఆర్డర్ చేయరు. అంతమంది ఫోను మీద వేలు పెట్టి 21,000 రూపాయలు కట్టేసి నిశ్చింతగా నిద్రపోతుంటే, మీరొక్కరూ వచ్చి క్లచ్ ఎంత బరువుందో, వెనక సీట్లో తల తగులుతుందో లేదో చూడాలంటే మిమ్మల్ని సీరియస్ కస్టమర్ అని ఎవరు నమ్ముతారు?

మన పెద్దలకు ఈ సంస్కారం ఉండేది. 1983లో మారుతి 800 కోసం పదివేలు డిపాజిట్ కట్టి, బండి ఎలా ఉంటుందో రోడ్డు మీద చూడకుండానే వరుసలో నిలబడ్డారు. ఆ ఏడాది డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందజేస్తే, మిగతావాళ్లు పేపర్లో ఫొటో చూసుకుని మురిసిపోయారు. బజాజ్ చేతక్ సంగతి సరేసరి, అది ఏళ్ల తరబడి తపస్సు. అయితే అప్పటి కొరత, ఎన్ని బండ్లు తయారు చేయాలో నిర్ణయించిన సర్కారు వారి లైసెన్సుల పుణ్యం. ఇప్పుడు ఏ లైసెన్సూ అడ్డం లేకపోయినా, స్వయంకృషితో అదే క్యూని మళ్లీ కట్టుకున్నాం. దీన్ని ప్రగతి అనకపోతే ఇంకేమంటారు?

ఇక నా అపరాధం చెప్పుకుంటాను. బండి పేరు చెప్పను. చెబితే వెయిటింగ్ ఇంకో నెల పెరుగుతుందేమోనని భయం. షోరూము పేరు అసలే చెప్పను.

మా అమ్మకి రెండు మోకాళ్లూ అరిగాయి. మా పాత చిన్న కారులోకి దిగేటప్పుడు "బావిలోకి దిగినట్టుందిరా" అంటుంది. అందుకని కాస్త ఎత్తు బండి తీసుకుందామనుకున్నాం. మరీ ఎత్తయితే బావి పోయి అటక వస్తుంది. కాబట్టి అమ్మ ఎక్కి, కూర్చుని, దిగి చూడాలి. నాకు కావలసింది అంతే. ఇంజన్ ఎన్ని గుర్రాలదో, డ్యాష్‌బోర్డు మీద ఎన్ని అంగుళాల తెర ఉందో నాకు అక్కర్లేదు.

ఫోన్ చేశాను. ముగ్గురు వేర్వేరు అమ్మాయిలు, ఆరు రోజుల పాటు, ఒకే ప్రశ్నలు అడిగారు. ఫైనాన్సా, క్యాషా? ఎక్స్చేంజ్ ఉందా? ఎన్ని రోజుల్లో ప్లాన్ చేస్తున్నారు సార్? మా సంబంధం చూసినప్పుడు మా మామగారు కూడా నన్ను ఇన్ని అడగలేదు. ఏడో రోజు ఆదివారం పదకొండింటికి స్లాట్ దొరికింది. నేను, మా ఆవిడ, అమ్మ పావుగంట ముందే వెళ్లి కూర్చున్నాం.

పన్నెండు దాటాక మెడలో ట్యాగ్ వేసుకున్న కుర్రాడు వచ్చాడు. పాతికేళ్లు ఉంటాయేమో. బూట్లు తళతళలాడుతున్నాయి, కళ్లలో నిద్ర లేదు.

"బుక్ చేశారా సార్?"

"లేదు బాబూ, చూసి చేద్దామని."

"బుక్ చేసినవాళ్లకి ప్రయారిటీ సార్."

"బుక్ చేశాక ఇంకా చూసేదేముంది?"

"అందుకే సార్, చాలామంది చూడరు."

ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. చూడాలంటే కట్టాలి, కట్టినవాడికి చూసే అవసరం లేదు. మా కాలేజీలో తర్కం చెప్పిన మాస్టారు కూడా ఇంత సూటిగా చెప్పలేదు.

సరే, లైసెన్సు జిరాక్సు తీసుకుని, ఏదైనా తగిలితే నాదే బాధ్యతని సంతకం పెట్టించుకుని, బండి తెప్పించాడు. నేను కొందామనుకున్నది పెట్రోలు, మాన్యువల్, మధ్య రకం. వచ్చింది డీజిల్, ఆటోమేటిక్, టాప్ ఎండ్.

"అన్నీ ఒకటే సార్. ఇంజన్, గేర్‌బాక్సే తేడా."

ఆ రెండూ పక్కన పెడితే ఇదీ, పెళ్లి ఊరేగింపు గుర్రబ్బండీ ఒకటే కదా అనిపించింది గానీ, నోరు మెదపలేదు. క్యూలో ఉన్నవాడికి నోరు ఉండకూడదు.

"పెద్దావిడని లాంజ్‌లో కూర్చోబెట్టండి సార్, టీ తెప్పిస్తాను. రద్దీ రోజు కదా, డ్రైవ్‌కి ఇద్దరికే పర్మిషన్."

అలా, ఎవరి మోకాళ్ల కోసం వచ్చామో ఆవిడ చేతిలో కాగితం కప్పు టీతో అద్దాల వెనక ఉండిపోయింది.

తిరుమల వెళ్లినవాళ్లకి ఆ తర్వాత జరిగింది విడమరిచి చెప్పక్కర్లేదు. కంపార్టుమెంట్లలో గంటలకొద్దీ కూర్చుని, గోవిందా అంటూ కదిలి, బంగారు వాకిలి దాకా వచ్చేసరికి కళ్లు తెరిచామా మూశామా అన్నది తేలకముందే "జరగండి, జరగండి" అని వినిపిస్తుంది. లఘు దర్శనం, మహాలఘు దర్శనం అనే మాటలు దేవస్థానం వారు ఎంత ఆలోచించి పెట్టారో గానీ, టెస్ట్ డ్రైవ్‌కి అంతకన్నా సరిపోయే పేరు లేదు. కాకపోతే కొండ మీద స్వామి మొహం కనిపిస్తుంది. ఇక్కడ మూడో గేరు మొహం కూడా కనపడదు.

షోరూము నుంచి సర్వీసు రోడ్డు దాకా కుర్రాడే నడిపాడు. "ఇక్కడ ట్రాఫిక్ సార్, నేను తెస్తాను." పెట్రోలు బంకు దగ్గర నాకు ఇచ్చాడు. ఆ బంకును చూసి బండి కూడా ఆశపడినట్టుంది, ఎదురుగా పసుపు దీపం వెలుగుతోంది. అక్కడి నుంచి మెట్రో పిల్లర్ కింద యూటర్న్ దాకా నా రాజ్యం. ముందు ఆటో, పక్కన చెరకురసం బండి, వెనక హారన్ మీంచి చెయ్యి తీయని ఆర్టీసీ బస్సు. గరిష్ఠ వేగం ముప్ఫై రెండు. "పికప్ చూశారా సార్!" అన్నాడు. చూశానన్నాను. "సన్‌రూఫ్ తెరవమంటారా సార్?" వద్దన్నాను. తెరిచాడు. మే నెల ఎండ నా నడినెత్తిన పడింది. మీటర్లో చూస్తే మొత్తం కిలోమీటరున్నర తిరిగాం, అందులో నా వాటా ఎనిమిది వందల మీటర్లు. వెనక్కి వచ్చేసరికి మరో కుటుంబం సంతకాలు పెట్టి నిలబడి ఉంది. బండి ఇంజన్ ఆపకుండానే చేతులు మారింది.

ఆ తర్వాత ఏసీ క్యాబిన్, కొటేషన్. తెలుగులో ఇంత కల్పనాశక్తి ఉన్న రచన ఈ మధ్య చదవలేదు. ఎక్స్-షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు, ఫాస్టాగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, హ్యాండ్లింగ్, ఎసెన్షియల్ కిట్. పది లక్షలు దాటిన బండి కాబట్టి 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాడే మన దగ్గర ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను. రిటర్నులో సర్దుకోగలిగేది కనక, ఆ కాగితం మొత్తమ్మీద మళ్లీ మన మొహం చూసే సొమ్ము ఇదొక్కటే. హ్యాండ్లింగ్ అంటే ఏమిటని అడిగాను. యార్డు నుంచి షోరూముకి బండి తేవడానికట. తేకుండా నేనే యార్డుకి వెళ్లి తెచ్చుకుంటే? కుర్రాడు జాలిగా చూశాడు.

"ఇన్సూరెన్సు బయట తీసుకోవచ్చా?"

"తీసుకోవచ్చు సార్. రూల్ ప్రకారం మీ ఇష్టం. కాకపోతే డెలివరీ కొంచెం..."

ఆ 'కొంచెం' తర్వాత మాట ఏ షోరూములోనూ ఎవరూ పూర్తి చేయరు. భావం శ్రోతలకే వదిలేస్తారు. కవిత్వం అంటే అదే కదా.

వెయిటింగ్ అయిదు నెలలన్నాడు. నేను లేవబోతుంటే గొంతు తగ్గించి, "ఒక క్యాన్సిలేషన్ బండి ఉంది సార్, ఎవరికో లోన్ రాలేదు. సాయంత్రంలోగా చెబితే మీకు ఆపుతాను" అన్నాడు. పక్క టేబుల్ దగ్గర ఇంకో కుర్రాడు ఇంకో కుటుంబానికి అదే గొంతుతో అదే చెబుతున్నాడు. లోన్ రాని ఆ అజ్ఞాత వ్యక్తి ఎవరో గానీ, ఎంతమంది సాయంత్రాల మీద ఆధారపడి బతుకుతున్నాడో!

మా బావ ఫోన్లో, "ఆషాఢంలో వెళ్లాల్సింది బావా" అన్నాడు. నిజమే. షోరూములో మనిషిని మనిషిగా చూసే రోజులు ఆషాఢం, మూఢం. 2025లో ఇంకో సీజన్ కూడా కలిసింది. పన్ను తగ్గుతుందని ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద చెప్పినప్పటి నుంచి, సెప్టెంబరు 22న జీఎస్టీ కొత్త రేట్లు వచ్చేదాకా, కొనేవాళ్లు చాలామంది ఆగిపోయారు. ఆ రోజుల్లో మా బావకి వాళ్లే ఫోన్ చేసి, బండి ఇంటికి పంపి, ఊరి బయటిదాకా నడపనిచ్చారట. అలాంటి అతి మర్యాదల వల్లే జనం చెడిపోతున్నారు.

అందుకే నాదొక వినతి. ఈ లాంఛనాలు మానేసి, కొండ మీద పద్ధతే పెట్టేస్తే పోతుంది. ఉచితంగా వచ్చేవాళ్లకి సర్వదర్శనం: బండి చుట్టూ ఒక ప్రదక్షిణ, తాకరాదు. మూడు వందల టికెట్టుకి స్టీరింగ్ పట్టుకుని ఫొటో. ఎమ్మెల్యే గారి లెటరు తెచ్చుకున్నవాళ్లకి బ్రేక్, అంటే నిజంగానే బ్రేకు తొక్కి చూడనిస్తారు.

బయల్దేరుతూ అమ్మ కోసం లాంజ్‌లోకి వెళ్లాం. అక్కడ లేదు. చూస్తే హాలు మధ్యలో, దీపాల కింద తిప్పుతూ పెట్టిన డిస్‌ప్లే బండి దగ్గర నిలబడి డోర్ హ్యాండిల్ లాగుతోంది.

"లాక్ చేశాం మామ్మగారూ, బ్యాటరీ దిగిపోతుందని" అంటూ కుర్రాడు పరిగెత్తాడు.

"ఎక్కుదామని వచ్చాను నాయనా. మోకాళ్లు."

కుర్రాడు మేనేజర్ క్యాబిన్ వైపు చూశాడు. అమ్మ మోకాళ్ల వైపు చూశాడు. తిరిగే బల్ల ఆపించి, తాళం తెచ్చి తలుపు తీశాడు. మెట్టు ఎత్తు చూసి ఒక్క క్షణం ఆగి, ప్యాంట్రీలోకి వెళ్లి ఎర్ర ప్లాస్టిక్ స్టూలు పట్టుకొచ్చి కింద వేశాడు. అమ్మ అతని భుజం పట్టుకుని స్టూలు మీద ఒక కాలు, లోపల ఒక కాలు పెట్టి ఎక్కి కూర్చుంది. ఆ రోజు మా ఇంటి నుంచి జరిగిన అసలైన టెస్ట్ డ్రైవ్ అదే, బండి అంగుళం కదల్లేదు.

కాసేపు కూర్చుని, సీటు నొక్కి చూసుకుని, అంతే జాగ్రత్తగా స్టూలు మీదుగా దిగింది. నా చేతిలో కొటేషన్ తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివింది.

"బాబూ, ఈ కిట్టులో స్టూలు కూడా వస్తుందా?"

"ఒక్క నిమిషం మామ్మగారూ," అని కుర్రాడు మేనేజర్ని అడగడానికి వెళ్లాడు.