బయానా ఇచ్చినంక పెరిగే దర్వాజ

కట్టె దుకాణంలో అడిగే మొదటి మాట కొలత గురించి ఉండదు. “దర్వాజ ముహూర్తం ఎన్నడు పెట్టుకున్నరు సారూ?” అని ఉంటుంది. ఇల్లు కట్టుకునే మనిషి దీన్ని మర్యాద అనుకుంటాడు. ఎంత ఆప్యాయంగా అడిగిండని కరిగిపోయి, గురువారం తెల్లవారుజామున అని చెప్తాడు. అది దాటితే మూఢం మొదలవుతుందని, మళ్ళీ రెండు నెలల దాకా మంచి రోజు లేదని పంతులు అన్నాడని చెప్తాడు. ఆడబిడ్డలను పిలిచామని, వాళ్ళకు చీరలు కూడా తెచ్చామని అడగకున్నా చెప్తాడు. సేటు తల ఊపుకుంటూ వింటాడు. ఆయనకు కావలసిన కొలత అదే.

దర్వాజ ఎత్తుడు, అంటే గుమ్మం చట్రం నిలబెట్టుడు, మన దిక్కు చిన్న పని కాదు మరి. కడప కింద నవధాన్యాలు, నవరత్నాల పొట్లం, పైన మామిడాకులు, కమ్మెలకు (చట్రం చెక్కలకు) పసుపు కుంకుమ, చుట్టాలందరి ముందు కొబ్బరికాయ. గోడ నెల ఆలస్యమైతే ఎవరూ అడగరు, దర్వాజ పూట ఆలస్యమైతే ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. గుమ్మాన్నే ఊరి గుర్తుగా పెట్టుకున్న ఊరు మనది. ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు నిలబడి ఉన్నాయి. రాతివి కాబట్టి కాకతీయులు టేకు సేటు దగ్గర కూర్చోవలసిన అవసరం పడలేదు.

ఇక బేరం. హనుమకొండలో ఒక మామూలు ఇంటి పెద్ద దర్వాజ అనుకుందాం. రెండు నిలువు కమ్మెలు ఏడున్నర ఫీట్లవి, పైకమ్మె, కడప నాలుగున్నర ఫీట్లవి. అన్నీ కలిపితే 24 ఫీట్ల పొడవు. చెక్క మందం ఆరు అంగుళాలకు నాలుగు అంగుళాలు. పొడవును ఫీట్లలో, మిగతా రెండింటినీ అంగుళాల్లో గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 24 ఇంటూ 6 ఇంటూ 4, భాగించు 144. సరిగ్గా నాలుగు. తలుపు ఏడు ఫీట్లకు నాలుగు ఫీట్లు, మందం అంగుళంన్నర. అది ఇంకో మూడున్నర. మొత్తం ఏడున్నర ఘనపుటడుగులు. అడుగుకు 4,500 చొప్పున కట్టె 33,750 రూపాయలు, కూలి 12,250. మొత్తం 46,000. సేటు క్యాలెండరు కాగితం చింపి వెనక వైపు రాస్తాడు: “టేకు దర్వాజ, తలుపు. 46. బయానా 20. గురువారం.” అంకెలు వేలల్లో, బయానా అంటే అడ్వాన్సు. ఇందులో గురువారం కింద మాత్రం రెండు గీతలు కొడతాడు.

ఫోన్ సోమవారం రాత్రి వస్తుంది, అన్నం ముందు కూర్చున్నప్పుడు.

“సారూ, మీ పనే నడుస్తున్నది.”

“మంచిది సేటు.”

“గని ఒక్క మాట. మీరు మనోళ్ళని చెప్తున్న. వేరేటోళ్ళకైతే చెప్పకపోదు.”

‘మీరు మనోళ్ళు’ అనే మాట వినగానే జేబు మీద చెయ్యి వేసుకోవాలి. అది విన్నాక రేటు తగ్గినవాడు ఈ చుట్టుపక్కల జిల్లాల్లో ఇంకా దొరకలేదు.

“యాభై ఐదు అయితుంది సారూ. నాకేం మిగల్తలేదు, మీ ముహూర్తం ఆగొద్దని.”

46 ఎట్లా 55 అయిందని అడిగితే వివరాలు వస్తాయి, బాగానే వస్తాయి. కట్టె అడుగుకు 500 పెరిగింది, ఏడున్నరకు 3,750. రంద (చిత్రిక) పట్టుడులో పోయే తరుగు పదో వంతు, అంటే ముప్పావు ఘనపుటడుగు, కొత్త రేటున అదీ 3,750. మేస్త్రి కూలి ఇంకో 1,500. మొత్తం తొమ్మిది వేలు. కూడిక ఎక్కడా తప్పదు. కూడికలో తప్పు పట్టుకుందామని కూర్చున్నవాడు అక్కడే ఓడిపోతాడు, ఎందుకంటే తప్పు కూడికలో లేదు.

తరుగు సంగతే చూడండి. ఆరు బై నాలుగు కమ్మెకు నాలుగు వైపులా రంద పడితే ఐదుంబావు అని ఒకడంటాడు, ఐదున్నర అని ఒకడంటాడు గానీ, మంచి చేతిలో అది ఐదు ముప్పావు బై మూడు ముప్పావుకు దిగుతుంది. లెక్క వేస్తే నాలుగు ఘనపుటడుగులు మూడు పాయింట్ ఆరుకు వస్తాయి. ఈ తరుగు నిజమే. కానీ సేటు మొదటిరోజు లెక్క వేసింది రంద పట్టకముందు ఉండే కొలతకే, ఆరుకు నాలుగుకే. అంటే నేల మీద పడే పొట్టుకు ధర అప్పుడే కట్టేశాం. ఇప్పుడు అదే పొట్టుకు రెండోసారి కడుతున్నాం. కొందరు అమాయకంగా “ఆ పొట్టన్నా ఇంటికి పంపు సేటు” అంటారు. అది పంపడు, కోళ్ళ ఫారం వాళ్ళు కొంటారు.

రేటు పెరిగిన కారణాలు రుతువులను బట్టి మారతాయి. ఎండాకాలంలో మహారాష్ట్రలోని బల్లార్షా కట్టె వేలంలో ధర ఎక్కింది. వానాకాలంలో లోడు దారిలో నిలిచిపోయింది. మేడారం జాతర రెండేళ్ళకోసారే వస్తుంది గానీ, మేస్త్రీలు జాతరకు పోయిండ్రనే మాట జాతర లేని ఏడు కూడా వినపడుతుంది. అన్నిటికీ పైన పర్మిట్ ఉండనే ఉంది. టేకు కదలాలంటే అటవీశాఖ కాగితం కావాలి కాబట్టి, “ఫారెస్టోళ్ళు పట్టిండ్రు” అంటే ఎదురు ప్రశ్న వేసే ధైర్యం ఎవరికీ ఉండదు. ఒక్కటే అడగాలి: బయానా ఇచ్చిననాడు చాక్‌పీసుతో పేరు రాసి చూపించిన దుంగ ఏది? అది ఆనాడే షెడ్డులో ఉంది. షెడ్డులో పడి ఉన్న దుంగకు నిన్నటి వేలంతో ఏం పని?

ఇక్కడే అసలు కథ బయటపడుతుంది. పేరు రాసిన దుంగ చాలాసార్లు ఉండదు. అది పోయిన వారం కాజీపేటలో ఎవరి ఇంట్లోనో దర్వాజ అయి నిలబడింది. చిన్న కట్టె దుకాణం నడిచే తీరే అంత. మీరిచ్చిన 20,000తో మీ కట్టె రాదు. అంతకుముందు బయానా ఇచ్చినవాడి కట్టెకు మిగిలిన అప్పు తీరుతుంది. మీ కట్టె రావాలంటే మీ తర్వాత ఒకడు వచ్చి బయానా ఇవ్వాలి. ముహూర్తాలు బాగా ఉన్న నెలలో ఈ గొలుసు సాఫీగా తిరుగుతుంది. మూఢం ముందు వారంలో కొత్త గిరాకీ ఆగుతుంది, పాత గిరాకీ అంతా ఒకే రోజుకు కావాలంటుంది. అప్పుడు సేటు పక్క మిల్లు నుంచి అరువు రేటుకు కోత కట్టె తెస్తాడు, ఆ తేడా మీ మీద పడుతుంది. ఇంకొకటి కూడా ఉంది. దుంగ కోస్తే లోపల డొల్ల తేలవచ్చు, అప్పుడు రెండో దుంగ ముట్టుకోవాలి. అది నిజమైన నష్టమే, సేటు మీద జాలి పడవచ్చు. అయితే ఆ నష్టం వస్తుందనే కదా ఆయన లాభం కలుపుకొని 4,500 చెప్పింది.

గిరాకీ మనిషి కూడా పాలతో కడిగిన మనిషేం కాదు. బయానా ఇచ్చిన నాలుగో రోజు ఇంట్లో ఒక పెద్దమ్మ ఫోన్‌లో ఫొటో చూపిస్తుంది. పైకమ్మె మీద లక్ష్మీదేవి, అటో ఏనుగు, ఇటో ఏనుగు. ఆ ఫొటో సేటుకు వాట్సాప్‌లో పోతుంది, కింద “ఇట్లా చేయండి” అని ఉంటుంది. ధర మాట ఎవరూ ఎత్తరు. అడగలేదు కాబట్టి పాత ధరకే ఏనుగులు వస్తాయని మనం, అడిగిండు కాబట్టి ఎంతైనా ఇస్తడని సేటు. చెక్కుడు పని మిషను మీదైనా చేత్తోనైనా వేరే కూలి. పైగా ఏనుగు తొండం పొడుచుకురావాలంటే నాలుగు అంగుళాల కమ్మె సరిపోదు, ఐదు కావాలి. ఆ ఒక్క పైకమ్మెకే కట్టె నాలుగో వంతు పెరుగుతుంది. ఇట్లాంటి పెంపు మీద కొట్లాడితే మాత్రం నవ్వులపాలే. ఏనుగు పంపిన పూటే దాని ధర కూడా అదే వాట్సాప్‌లో రాయించుకుంటే సరి.

చట్టం సంగతి చుట్టాల్లో ఒక వకీలు తప్పకుండా ఎత్తుతాడు. ఆయన చెప్పేది నిజమే. 1872 కాంట్రాక్టు చట్టంలో 62వ సెక్షను ప్రకారం కుదిరిన ఒప్పందం స్థానంలో కొత్తది రావాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒకరు సోమవారం రాత్రి ఫోన్ చేస్తే మారదు. 2019 వినియోగదారుల చట్టం కింద ఐదు లక్షల లోపు విలువకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేకుండానే ఫిర్యాదు ఇవ్వవచ్చు, రెండేళ్ళ గడువుంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా దారి చెప్తారు. అంతా బాగుంది. రెండేళ్ళ గడువు చట్టం ఇస్తుంది, మూడు రోజుల గడువు పంతులు ఇచ్చాడు. అయినా ఆ చట్టం దండగ కాదు. తప్పదని ఎక్కువ ఇచ్చేటప్పుడు “సరే సేటు” అనకూడదు, ఆ సరే అనే మాటే కొత్త ఒప్పందమని వాదన వస్తుంది. “ఒప్పుకున్నది 46,000. ముహూర్తం కోసం మిగతాది అభ్యంతరంతో ఇస్తున్నాను” అని ఒక మెసేజ్ పంపి, ఆ తర్వాత ఇవ్వాలి. ఆ మెసేజ్ చదివిన సేట్లలో కొందరు 55 మీద నుంచి 50కి అదే పూట దిగుతారు.

అంతకంటే పనిచేసేది ఇంకొకటి ఉంది. ముహూర్తం ఉన్నది దర్వాజకే గానీ తలుపుకు కాదు. తలుపు అప్పుడే బిగించకూడదు కూడా. గోడలు లేవాలి, ప్లాస్టరింగ్ కావాలి, నీళ్ళు కొట్టాలి. ఆ తడికి కొత్త టేకు తలుపు ఉబ్బి, తర్వాత ఎండాకాలంలో ముడుచుకొని, సందుల్లోంచి వీధి కనపడుతుంది. అది గృహప్రవేశం ముందు చూసుకోవలసిన పని. అందుకని మొదలే రెండు వేరు బేరాలుగా పెట్టుకోవాలి. దర్వాజ చట్రం ఒక్కటే, నాలుగు ఘనపుటడుగులు, 18,000 కట్టె, దాని కూలి దానికి. బయానా ఐదు వేలు చాలు. తలుపు ఊసు ఎత్తకూడదు, ఎత్తినా “చూద్దాం సేటు” అనాలి. చట్రం బాగా ఇస్తే తలుపు కూడా మనదేనని ఆశ పడే సేటు, చట్రం మీద తొమ్మిది వేలు పెంచడు. ఇప్పటికే కలిపి బేరం చేసినవాళ్ళు కూడా సోమవారం రాత్రి ఇదే అనవచ్చు: “పాత రేటుకు చట్రం పంపు, తలుపు సంగతి దసరా తర్వాత మాట్లాడుకుందాం.” ఫోన్ అవతల కాసేపు నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో మాట్లాడకుండా ఉండగలిగినవాడికి మూడు నాలుగు వేలు మిగులుతాయి.

చిట్టీ ఎట్లాగూ రాస్తారు కాబట్టి అందులో పనికొచ్చేవి రాయించాలి. కట్టె ఏది, ఎక్కడిది, రేటు ఘనపుటడుగుకు ఎంత, కొలత రంద ముందుదా తర్వాతదా, బందులూ గొళ్ళేలూ ఎవరివి, పన్ను కలిపా విడిగానా. పన్ను దగ్గర చాలామంది జారిపడతారు. “బిల్లు కావాల్నంటే 18 శాతం పడ్తది సారూ” అనడం దుకాణాల్లో ఉన్న పాత బెదిరింపు. జీఎస్టీ కింద నమోదైన దుకాణం 200 రూపాయలు దాటిన అమ్మకానికి అడిగినా అడగకున్నా బిల్లు ఇవ్వాలి, అడిగినందుకు పన్ను పుట్టదు. చిన్న వ్యాపారులకు జీఎస్టీలో ఉండే కాంపోజిషన్ పథకం కింద ఉన్న దుకాణమైతే గిరాకీ దగ్గర జీఎస్టీ వసూలు చేయనే కూడదు. బయానా ఫోన్‌లో పంపితే ఆ పక్కన ఉండే చిన్న డబ్బాలో “దర్వాజ, 46,000లో బయానా” అని కొట్టాలి. పేరు రాసిన దుంగ ముందు సేటును నిలబెట్టి ఫొటో తీసుకోవాలి. సేటుకు ఇష్టమే, నవ్వుతాడు కూడా.

దర్వాజ తీసుకునేటప్పుడు గోడ వైపు రంగు పూయకముందే చూడాలి. అంచుల్లో తెల్లచెక్క ఎంత ఉందో రంగు కింద కనపడదు, చెదలు మాత్రం దాన్ని రంగు లేకుండానే కనిపెడతాయి. తర్వాత టేపు పట్టి మూల నుంచి మూలకు కొలవాలి. ఏడున్నరకు నాలుగున్నర చట్రం మూలమట్టంగా ఉంటే రెండు వైపులా ఎనిమిది ఫీట్ల తొమ్మిది అంగుళాలు రావాలి. ఒక వైపు అరంగుళం తేడా వచ్చినా రేపు తలుపు కింద గీరుకుంటుంది, అప్పుడు దాన్ని రంద పట్టడానికి మళ్ళీ కూలి, మళ్ళీ తరుగు.

గురువారం నాలుగున్నరకు ట్రాలీ ఆటో వస్తుంది. నాలుగు ఘనపుటడుగుల టేకు డెబ్బై కిలోలు పైచిలుకు ఉంటుంది, ఇద్దరు పట్టుకుంటే దిగుతుంది. దింపడానికి నలుగురు వస్తారు. పంతులు మంత్రం మొదలుపెట్టాక, పెద్దమ్మ కడపకు పసుపు రాస్తుండగా, ఆటో ఆయన పక్కకు పిలుస్తాడు.

“అన్నా, కిరాయి పన్నెండు వందలు. నలుగురి హమాలీ వేరే.”

“అది సేటు ఇయ్యడా?”

“సేటు దుకాణం కాడి ధరనే చెప్పిండట అన్నా.”

చిట్టీ తీసి చూస్తే ఆ విషయం అందులో లేదు. గోడలోకి పట్టు ఇచ్చే ఇనుప హోల్డ్‌ఫాస్టులు కూడా లేవు. ఒక్కో వైపుకు మూడు చొప్పున ఆరు కావాలి, ఆ పొద్దున ఏ హార్డ్‌వేర్ దుకాణమూ తెరిచి ఉండదు. ఆటో ఆయన సీటు కింద మాత్రం సరిగ్గా ఆరు ఉంటాయి.

“తీసుకో అన్నా, మనోళ్ళే గదా” అంటాడు.